మామగారి గురి వెతుక్కుంటూ లంకకు

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు, రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు రామేశ్వరం గురించి రాస్తారు. నేను వెళ్ళొచ్చింది అత్తారింటికి. అదీ ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళుంటే, ముందు బెజవాడలో బందరు కాలువ పడవెక్కి, ఉయ్యూరులో దిగి, ఎడ్లబండి మీద కృష్ణ గట్టుకు చేరి, రేవు దాటి, మోకాలి లోతు ఒండ్రులో ఈడ్చుకుంటూ ఆ లంకకు వెళ్ళి రమ్మనండి. ఆ తరవాత మాట్లాడదాం.

పైగా నేను అల్లుడి మర్యాదల కోసం వెళ్ళలేదు. ఒక పెద్దమనిషి పరువు నిలబెట్టడానికి వెళ్ళాను, నిలబెట్టి వచ్చాను. గొప్పలు చెబుతున్నాననుకుంటే అనుకోండి. చెప్పుకోవడానికి గొప్పంటూ ఉన్నప్పుడు దాచుకోవడం నాకు చేతకాదు.

మాది కొండపల్లి. యుద్ధమంతా బర్మా సరిహద్దులో సైన్యం తుపాకులు బాగుచేశాను. అది ముగిశాక ఇంటికొచ్చి కుట్టుమిషన్లూ తాళాలూ బాగుచేసుకుంటున్నాను. మా మామగారు శౌరయ్యగారికి కృష్ణలో ఒక లంక మీద కంద, అరటి తోటలున్నాయి. ఆయన కాలువల శాఖలో పనిచేసే రోజుల్లో ఒక ఇంజనీరు దొర సీమకు పోతూ తన వేట రైఫిలు ఆయనకిచ్చి, పంటల రక్షణకని లైసెన్సు కూడా ఇప్పించి వెళ్ళాడు. బోల్టు వెనక్కి లాగి తూటా ఎక్కించి, మళ్ళీ ముందుకు తోసి కాల్చే రకం. లంకలో అడవిపందుల బెడదకు అదొక్కటే మందు. శౌరయ్యగారు కాల్చారంటే ఇంట్లో ఆడవాళ్ళు మసాలా నూరడం మొదలుపెట్టేవారట, పంది పడిందో లేదో అడక్కుండానే.

అలాంటి మనిషికి ఈ వానల తరవాత గురి తప్పింది. ఏ పంది మీద కాల్చినా తూటా పక్కనుంచి పోయింది. ఒక పంది ఎదురుతిరిగి పాలేరు తొడ చీల్చింది. శౌరయ్య కళ్ళు పోయాయని లంకంతా అనుకుంది. తుపాకి ఏమన్నా చెడిందేమోనని ఆయన ఒక్కసారి నోరు జారితే, "ఆడలేక మద్దెల ఓడు" అని నవ్వారట. మునసబుగారు ఆదివారం దాకా గడువిచ్చారు. ఆలోగా పంది పడకపోతే రైఫిలు అప్పజెప్పేయాలి, లైసెన్సు ఇంకొకరి పేర రాయిస్తారు.

ఈ కబురు వెదుళ్ళ కోసం మా ఊరొచ్చిన లంక మనిషి ఒకడు తెచ్చాడు. మా ఆవిడ రోజమ్మ చేస్తున్న పని అక్కడే వదిలేసి నా ముందుకొచ్చి నిలబడింది.

"మా నాన్న కళ్ళకేం కాలేదండీ. మీరొచ్చి ఆ తుపాకి చూడండి."

"చూస్తాను. తుపాకి చెడితే తుపాకి చెడిందంటాను. కళ్ళు చెడితే కళ్ళు చెడ్డాయనే అంటాను."

"అనండి చూద్దాం," అని వెళ్ళి పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

బెజవాడ

కొండపల్లి నుంచి బెజవాడ రైలులో ఎంతోసేపు పట్టదుగానీ, దిగేసరికి వేరే దేశమొచ్చినట్టుంటుంది. మా ఊళ్ళో మనుషులు బొమ్మ చెక్కుతున్నట్టు నిదానంగా మాట్లాడతారు. ఇక్కడ "ఏవండీ, ఇటండీ, జరగండీ" అని అండీ మీద అండీ తగిలించి మర్యాదగానే మోచేత్తో పొడుస్తారు.

స్టేషను ఎదురుగా ఒక హోటల్లో పెసరట్టు తిన్నాం. అట్టు అమోఘం. అల్లప్పచ్చడి నాలిక్కి తగలగానే చెవుల్లో గంటలు మోగాయి. కాఫీ మాత్రం బెల్లంతో ఇచ్చాడు. పంచదార ఏదయ్యా అంటే, "యుద్ధం గెలిచాంగానీ పంచదార ఇంకా రాలేదండీ" అన్నాడు సర్వరు. అణా పుచ్చుకుని బెల్లం కాఫీ పోసేవాడికి ఆ మాత్రం చమత్కారం ఉండాలి. నవ్వుకుంటూ తాగేశాను.

గుణదల

పడవ సాయంత్రానికిగానీ బయల్దేరదన్నారు. రోజమ్మ గుణదల వెళ్దామంది. ఇక్కడొక మాట చెప్పాలి. మావాళ్ళు ప్రొటెస్టెంట్లు, రోజమ్మావాళ్ళు కేథలిక్కులు. మా పెళ్ళికి రెండువైపులా అలిగినవాళ్ళు అలిగారు, తిన్నవాళ్ళు తిన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో మేరీమాత విషయం వస్తే నేను కిటికీలోంచి బయటికి చూస్తాను, ఆవిడ నన్ను చూస్తుంది.

కొండకింద కొవ్వొత్తులమ్మే ముసలమ్మ దగ్గర మైనంతో చేసిన కళ్ళూ చేతులూ కాళ్ళూ కూడా ఉన్నాయి. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ మైనపు అవయవం మాతకు సమర్పిస్తారు. మా మామగారి సంగతి నేనే నోరుజారి చెప్పాను.

"అయ్యో, అయితే కళ్ళు తీసుకోండమ్మా," అంది ముసలమ్మ, జత కళ్ళు రోజమ్మ చేతిలో పెడుతూ.

రోజమ్మ వాటిని తిరిగి బుట్టలో పెట్టేసింది. "మా నాన్న కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. నాకు మామూలు కొవ్వొత్తి ఇవ్వు. లావుపాటిది."

ఆ మాట అన్న తీరు చూసి నాకు గర్వమేసింది. అంతటి నమ్మకం నాకు నా చేతి పని మీద కూడా లేదు. లేకేం, దానికి దగ్గర దగ్గరగా ఉంది. కొవ్వొత్తి సగం కాలాక ఆవిడ దాన్ని ఆర్పి, మిగతాది నాన్న ఇంట్లో వెలిగిస్తానని కొంగున కట్టుకుంది.

కాలువ మీద

కార్తీకమాసంలో బందరు కాలువ నిండుగా ఉంటుంది. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగుతుంటే, మనం కాళ్ళు చాపుకుని రెండువైపులా వరిచేలు చూస్తూ కూచోవచ్చు. మా కొండపల్లిలో బిందెడు నీళ్ళకు బావి దగ్గర తగువులు. ఇక్కడ గేదెలు కూడా రోజంతా నీళ్ళలోనే పడుకుంటాయి. ఈ తడి ఎంత పని చేస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

నా పక్కన పెడన నేతగాడు భావనారాయణగారు కూచున్నారు. బెజవాడలో నూలు కోసం తిరిగి తిరిగి, దొరికిన కాస్త నూలూ ఒళ్ళో పెట్టుకుని వెళుతున్నారు. ఆయన చూపంతా నా పనిముట్ల పెట్టె మీదా, దానికి కట్టిన పొడవాటి గుడ్డచుట్ట మీదా ఉంది. ఆ చుట్టలో ఉన్నది తుపాకి గొట్టం తుడిచే ఊచ.

"తమరు ఏ సమాజం అండీ?" అన్నారు చివరికి.

"సమాజం ఏమిటండీ?"

"నాటక సమాజం. హార్మోనియం పెట్టె, పిల్లనగ్రోవి... కృష్ణుడు తమరేనా?"

బర్మా దాకా వెళ్ళొచ్చిన తుపాకుల పనివాణ్ణి పట్టుకుని కృష్ణుడంటే ఎవరికి మండదు? కాదని చెప్పేలోగా పడవంతా "పద్యం, పద్యం" అంది. రోజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఇక లాభంలేదని గొంతు సవరించుకుని మా గుళ్ళో పాడే కీర్తన ఒకటి ఎత్తుకున్నాను. పడవ లాగే మనుషులు కూడా అడుగు దానికి కలిపారు.

పాట అయ్యాక భావనారాయణగారు మెచ్చుకుని, "రాగం బాగుందిగానీ, ఇది ఏ ఘట్టమండీ? రాయబారంలో లేదే!" అన్నారు. అప్పుడు పెట్టె తెరిచి చూపించాను. ఆయన సిగ్గుపడి, ఊడిపోతున్న నా గుడ్డచుట్టను తన నూలుపోగుతో గట్టిగా చుట్టి ముడేసిచ్చారు. నూలుకు అంత కరువున్న రోజుల్లో బారెడు పోగు ఇవ్వడం చిన్న సంగతి కాదు. అది ఎంత పెద్ద సంగతో మరునాడు తెలిసింది.

లంక

రేవు దాటి మామగారింటికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. మా అత్తగారు లూర్దమ్మగారు నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడితో మాట్లాడకపోవడం వాళ్ళ ఇంటి మర్యాద. నేను ఎదురుగా కూచున్నా సరే, "రోజా, మీ ఆయన్ని కాళ్ళు కడుక్కోమను" అంటారు. మా వైపు అత్తగార్లు అల్లుళ్ళను నేరుగానే తిడతారు. ఏది మెరుగో నేను చెప్పలేను.

కంద బచ్చలి, కొరమీను పులుసు వడ్డించారు. లంక కంద వెన్న. అక్కడే తవ్వి అక్కడే వండితే వచ్చే రుచి బజారు కందకు రాదు. పందులు దాని కోసం ప్రాణాలకు తెగిస్తాయంటే నేను వాటిని తప్పుపట్టను.

శౌరయ్యగారు మాత్రం సరిగా తినలేదు. రైఫిలు ఆయన చూడకుండా గోడవైపు తిప్పి పెట్టి ఉంది. పూర్వం ఆయనకొక అలవాటుండేది. అరుగు మీద కూచుని, ఏటిలో చుక్కంత పడవ కనబడగానే అది ఎవరిదో చెప్పేవారు. కళ్ళకేమీ కాకపోయినా ఇప్పుడు అది కూడా మానేశారని రోజమ్మతో అత్తగారు అంటుంటే విన్నాను.

"మామగారూ, ఏట్లో ఆ దూరపు గుంజ మీద ఏమన్నా ఉందాండీ?" అని అడిగాను. నాకు గుంజే సరిగా కనబడటం లేదు.

ఆయన కాసేపు చూసి, "నీటికాకి. రెక్కలు ఆరబెట్టుకుంటోంది," అన్నారు. మళ్ళీ వెంటనే, "ఏమో అల్లుడుగారూ, అక్కడ రోజూ అదే ఉంటుంది. అలవాటుకొద్దీ అన్నానేమో," అన్నారు.

నేను గట్టు వెంట నడిచి వెళ్ళి చూశాను. నీటికాకే, రెక్కలు ఆరబెట్టుకుంటోంది. కళ్ళు పోలేదు. ఆ కళ్ళ మీద ఆయనకున్న నమ్మకం పోయింది. లంకంతా ఒక్కటే మాట అంటుంటే ఆయనా నమ్మేశారు.

మద్దెల పరీక్ష

మునసబుగారిని పిలిపించాను. పరీక్ష అందరి కళ్ళముందూ జరగాలన్నది నా పట్టు. ఇసుక మూటల మీద రైఫిలు కదలకుండా ఆనించి, దూరంగా అరటి బోదెకు కొబ్బరిచిప్ప గుచ్చి, నేనే కాల్చాను. మొదటి తూటా చిప్ప పక్కన బెత్తెడు ఎడమకు తగిలింది. రెండోది జానెడు. మూడోది బోదెనే తప్పి చెరువులో పడింది.

"అల్లుడుగారి కళ్ళు కూడా పోయాయండీ!" అన్నాడొకడు వెనకనుంచి.

నేను పట్టించుకోలేదు. మనిషి మారినా, మూటల మీద పెట్టినా తూటా ఎడమకే పోతోందంటే తప్పు తుపాకిలోనే ఉంది. గొట్టం వేడెక్కేకొద్దీ ఇంకా ఎడమకు పోతోందంటే ఆ గొట్టాన్ని ఏదో నెడుతోంది. ఇంతవరకు తేలిక. ఆ ఏదో ఏమిటన్నదే ప్రశ్న.

చెక్కనూ ఇనుమునూ పట్టి ఉంచే మర ఒకటి వదులుగా ఉంది. దొరికిందని కేకేసి బిగించాను. "ఇక చూడండి," అని అందరినీ దగ్గరికి పిలిచి మరీ కాల్చాను. తూటా మళ్ళీ ఎడమకే పోయింది. పిలవకుండా కాల్చి ఉంటే బాగుండేది. తరవాత గొట్టం లోపల వేణ్ణీళ్ళతో కడిగి తుడిచాను. లోపల అద్దంలా ఉంది. గొట్టం మూతి మీద సొట్టలేమన్నా ఉన్నాయేమోనని గోటితో తడిమాను. లేవు. గురిచూసే మొన కదలటం లేదు. ఉన్న తూటాలేమో గుప్పెడు, అవీ తరిగిపోతున్నాయి. మునసబుగారు పంచె దులుపుకుని లేవబోయారు.

అప్పుడు భావనారాయణగారి నూలుపోగు కంటబడింది. మంచి తుపాకిలో గొట్టం చెక్క మీద పడుకుని ఉండదు, ముందుభాగంలో చెక్కకూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పోగును ఆ సందులోకి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని మూతి దగ్గర్నుంచి వెనక్కి లాక్కొచ్చాను. జానెడు దూరం సాఫీగా వచ్చి కుడివైపున ఆగిపోయింది. మళ్ళీ లాగాను. మళ్ళీ అక్కడే ఆగింది.

"మునసబుగారూ, కూచోండి," అన్నాను.

మరలు విప్పి గొట్టాన్ని చెక్కలోంచి పైకెత్తాను. కుడివైపు చెక్కకు అతుక్కుని, నల్లబడి, వానాకాలపు తడికి ఉబ్బి బిగిసిపోయిన మడత ఒకటి ఉంది. చాకుమొనతో లేపి అరచేతిలో పెట్టుకున్నాను. కొబ్బరాకుతో మడిచిన చిన్న సిలువ.

మట్ట

కేథలిక్కులు కానివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఈస్టరుకు ముందు ఆదివారాన్ని వాళ్ళు మట్టలాదివారం అంటారు. మట్టలు పట్టుకుని గుడికి ఊరేగింపుగా వెళతారు. ఫాదరుగారు దీవించిన ఆ ఆకును ఇంటికి తెచ్చి సిలువలా మడిచి పటాల వెనకా, ధాన్యం గాదెలోనూ, పశువులకొట్టం చూరులోనూ పెట్టుకుంటారు. ఏడాదంతా కాపాడుతుందని నమ్మకం.

నేను తల ఎత్తేసరికి గుమ్మంలో లూర్దమ్మగారు నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖం చూస్తే ఇక అడగడానికేమీ మిగల్లేదు.

"అమ్మా, నువ్వా పెట్టింది?" అంది రోజమ్మ.

"పోయినేడు పంది ఆయన మీదికొచ్చి పంచె చించిందిగా. నాకు నిద్రపట్టలా. మట్టలాదివారం నాడు ఆకు తెచ్చి, చీపురుపుల్లతో లోపలికంటా తోశాను. ఆయన ప్రాణం ఆ తుపాకి దగ్గరే గదా ఉండేది, ఇంకెక్కడ పెట్టను?"

అంతలో ఆవిడకే రోషమొచ్చింది. "పెట్టిన కాడ్నుంచీ ఆయన ఒంటి మీద గీతన్నా పడిందేమో అడగవే మీ ఆయన్ని. తూటా పందికి తగల్లేదు, సరే. పందీ ఆయనకు తగల్లేదుగా!"

మునసబుగారితో సహా అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. తుపాకుల విద్యలో ఎక్కడా లేని వాదమది. ఆవిడ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్ళూ నేనేనా మిమ్మల్ని తలవంచుకునేట్టు చేసింది," అంటూ శౌరయ్యగారి వైపు చూశారు.

శౌరయ్యగారు నా చేతిలోంచి సిలువ తీసుకుని, బట్టతో తుడిచి, కళ్ళకద్దుకున్నారు. "అల్లుడుగారూ, దీన్ని పారేయకూడదు. మళ్ళీ తుపాకిలోనే పెట్టాలి. కాకపోతే గొట్టం దగ్గరొద్దు. నా భుజం దగ్గర పెట్టండి."

ప్రొటెస్టెంటు చేతులతో ఆ పని చేశాను, చాలా బాగా చేశానని కూడా చెబుతున్నాను. భుజానికి ఆనే కొస దగ్గర ఇనప రేకు విప్పి, మా కొండపల్లి బొమ్మలవాళ్ళ సన్న ఉలితో చెక్కలో సిలువ పట్టేంత గూడు తొలిచాను. సిలువను అందులో ఉంచి రేకు బిగించాను. తరవాత గొట్టానికి దీపపు మసి పూసి చెక్కలో కూచోబెట్టి తీస్తే, చెక్క ఉబ్బి తగిలినచోటల్లా నలుపు అంటింది. ఆ నలుపును కొంచెం కొంచెంగా గీరుతూ, నూలుపోగు ఈ కొస నుంచి ఆ కొసకు జారేదాకా సరిచేశాను. చెక్క మళ్ళీ తడి పీల్చకుండా లోపల మైనం పట్టించాలి. మైనం ఎక్కడిదని వెతుకుతుంటే, రోజమ్మ కొంగుముడి విప్పి గుణదల కొవ్వొత్తి సగం నా ముందు పెట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూడలేదు. పుచ్చుకున్నాను.

ఈసారి శౌరయ్యగారినే కాల్చమన్నాను. ఆయన తుపాకి ఎత్తి, మళ్ళీ దించేశారు. లూర్దమ్మగారు వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు. తూటా కొబ్బరిచిప్పను రెండు చేసింది. ఇంకొకటి అడిగితే, వద్దన్నారు. "మిగిలినవి పందికి."

కందమడి

శనివారం తెల్లవారుతుండగా కందమడిలో ఆకులు కదిలాయి. మంచు ఇంకా విడలేదు. పాలేరు తొడ చీల్చిన పందే అది, దాని చెవి తెగి ఉంటుందని ముందే చెప్పారు. నాకు మాత్రం నల్లటి మట్టిగడ్డలా కనబడింది. శౌరయ్యగారు బోల్టు ముందుకు తోసి, శ్వాస బిగబట్టి, ఒక్కటే తూటా వదిలారు. పంది నిలబడ్డచోటే మోకాళ్ళ మీద కూలింది. ఇంట్లోంచి రోలు చప్పుడు అప్పుడే మొదలైంది. పడిందో లేదో ఎవరూ వెళ్ళి చెప్పలేదు.

నా జీవితంలో ఎన్నో తుపాకులు బాగుచేశాను. అవి ఎవరి మీద పేలాయో, ఏమయ్యాయో నాకు తెలియదు. నేను బాగుచేసిన తుపాకి ఏం చేసిందో కళ్ళారా చూసి, ఛాతీ పొంగింది ఆ ఒక్క ఉదయమే.

ఆదివారం ప్రార్థన అయ్యాక మునసబుగారే ఇంటికొచ్చారు. లంక వాళ్ళు అరుగుచుట్టూ మూగారు. "శౌరయ్యా, లైసెన్సు నీ దగ్గరే ఉంచుకో. ఈసారి మద్దెలే ఓడు. మేమన్న మాటలు మనసులో పెట్టుకోకు," అన్నారు.

శౌరయ్యగారు తలుపు వెనక నిలబడ్డ లూర్దమ్మగారి వైపు చూసి చెప్పారు. "మీరంతా నా కళ్ళు పోయాయన్నారు బాబూ. నేనూ నమ్మాను. ఇది ఒక్కతే నమ్మలా. ఇంతమందిలో నా మీద గురి ఉన్నది దీనికొక్కదానికే. నా గురి చెడగొట్టిందీ ఇదే."

తలుపు వెనకనుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడొచ్చింది.

తిరుగు పడవ

సోమవారం మమ్మల్ని రేవు దాకా సాగనంపారు. తాటాకు బుట్టలో కంద, అరటిగెల, ఊరబెట్టిన మాంసం సర్దారు. పడవెక్కబోతుంటే వెనకనుంచి "అల్లుడుగారూ" అన్న పిలుపు వినబడింది. పెళ్ళయినప్పటినుంచి లూర్దమ్మగారు నన్ను నేరుగా పలకరించడం అదే మొదలు.

"వచ్చే మట్టలాదివారానికి రండి. మీకూ ఒక ఆకు ఇస్తాను. మీ పనిముట్ల పెట్టెకి గొట్టం లేదుగా, భయంలేదు."

"వస్తానండీ అత్తయ్యగారూ," అన్నాను. మావాళ్ళేమంటారో అప్పుడు చూసుకోవచ్చు.

పడవ కదిలింది. శౌరయ్యగారు గట్టు మీద రైఫిలు భుజాన వేసుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎగువవైపు చూస్తున్నారు. ఉన్నట్టుండి మాకు వినబడేలా కేకేశారు.

"రోజా, మీ పడవవాణ్ణి ఎడమకు తొలగమను! ఎగువనుంచి మునసబుగారి అరటికాయల పడవ వొస్తోంది. తెరచాపకు కొత్త మాసిక వేయించారు!"

రోజమ్మా నేనూ పడవవాడూ ముగ్గురం తల తిప్పి ఎగువకు చూశాం. మా కంటికి ఇంకా పడవే ఆనలేదు.